పప్పుగుత్తితో చేపల పులుసు

మొన్న వేసవిలో హారిక అనే అమ్మాయి హైదరాబాదు నుంచి రాజమండ్రిలో మా ఇంటికి వచ్చింది. పిల్లల కోసం బొమ్మల సీరియళ్ళు తీసే ఒక స్టూడియోలో దర్శకురాలు. నేను పాతికేళ్ళుగా పిల్లల కథలు రాస్తున్నదాన్ని కాబట్టి నా సాయం కావాలని ఫోన్లో అడిగితే, ఎండలు తగ్గాక రమ్మన్నాను. ఆమె ఎండల్లోనే వచ్చింది. మజ్జిగ తాగి, చెమట తుడుచుకుని, తన ఫోను తీసి నా చేతిలో పెట్టింది. అందులో ఒక ఆట ఉంది. లాంతరు పట్టుకున్న చిన్నపిల్ల ఒక మబ్బు మీంచి ఇంకో మబ్బు మీదికి గెంతుకుంటూ పోతుంటుంది. గెంతు తప్పితే పడిపోతుంది. పడితే మళ్ళీ మొదటి మబ్బు మీద ప్రత్యక్షమవుతుంది. ఇంతే సంగతి. నేను ఆడిన కాసేపట్లోనే ఆ పిల్ల ఎన్నిసార్లు పడిందో లెక్క పెట్టుకోలేదు, పరువు పోతుందని.

"దీన్ని టీవీ సీరియల్ చెయ్యాలండి. రెండుసార్లు రాయించాం, రెండుసార్లూ ఛానల్ వాళ్ళు తిప్పి పంపారు. ఇంకోసారి తిప్పితే ఇక ఈ పని మా చేతిలో ఉండదండి" అంది హారిక. ఎందుకు తిప్పారని అడిగాను. "ఆడేవాళ్ళకి బాగానే ఉంటుందండి, వేలు మనదే కదా. ఆ పిల్ల పడితే మనమే పడ్డట్టు ఉంటుంది. ఊరికే కూర్చుని చూసేవాళ్ళకే ఏమీ ఉండదు. ఎక్కడికెళ్తోంది, ఎందుకెళ్తోంది, పడినప్పుడల్లా చచ్చిపోతుందా, చచ్చిపోతే మళ్ళీ ఎలా లేచింది అని అడుగుతున్నారు. మా దగ్గర సమాధానం లేదండి." నాకు నవ్వొచ్చింది. హారిక తన కష్టం చెప్పుకుంటుంటే నవ్వడం మర్యాద కాదని తెలుసు, కానీ ఆగలేదు. ఆ ప్రశ్నలన్నీ నన్ను చిన్నప్పుడే ఒకసారి అడిగేశారు. అడిగినవాళ్ళు నరసాపురంలో మా ఇంటి హాల్లో చాపల మీద కూర్చుని లేసు అల్లే ఆడవాళ్ళు.

నరసాపురం బజారులో మాకు దారాల కొట్టు ఉండేది. ముందు కొట్టు, వెనక ఇల్లు, ఆ రెంటికీ మధ్య పొడుగాటి హాలు. మధ్యాహ్నం భోజనాలయ్యాక ఆ హాల్లోకి లేసు అల్లేవాళ్ళు ఒక్కొక్కరే వచ్చి గోడవారగా చాపలు పరుచుకునేవారు. దారం మాది, చేతులు వాళ్ళవి, పెత్తనం మా మామ్మది. మామ్మ అంటే మా నాన్నగారి అమ్మ. ఆవిడ తెల్లచీర ఎంత తెల్లగా ఉండేదో ఆవిడ మాట అంత గట్టిగా ఉండేది. తెల్లదారం ముట్టుకునే ముందు ఎవరైనా సరే ఆవిడ ముందు నిలబడి రెండు చేతులూ చాపాలి. ఆవిడ వాటిని ముక్కు దగ్గరికి తీసుకుని వాసన చూసి తల ఊపితేనే దారపుండ చేతికి వచ్చేది. కొత్త దారం గంజి వాసన, కొట్లోంచి అట్టపెట్టెల వాసన, వంటింట్లోంచి ఇంగువ పోపు వాసన కలిసిన ఆ హాల్లో ఇంకే వాసనా ఉండకూడదని ఆవిడ పంతం.

ఆ పరీక్షలో ఎక్కువసార్లు తప్పింది సత్తెమ్మ. సత్తెమ్మ భర్త అప్పన్న బోటు మీద సముద్రంలోకి వేటకు వెళ్ళేవాడు. ఆవిడ పొద్దున్నంతా బజారులో చేపలమ్మి, ఇంటికెళ్ళి నీళ్ళోసుకుని, చింతపండుతో ఒకసారి, సబ్బుతో రెండుసార్లు చేతులు తోముకుని మా ఇంటికి వచ్చేది. అయినా మామ్మ ముక్కు ఒప్పుకునేది కాదు. "ఇంకోసారి కడుక్కురా సత్తెమ్మా" అనేది. "ఇంకా కడిగితే సెయ్యి అరిగిపోద్దండి మామ్మగారూ" అని గొణుక్కుంటూ సత్తెమ్మ నూతి దగ్గరికి నడిచేది. అంత గొడవపడే ఇద్దరూ పక్కపక్కనే కూర్చునేవారు. మామ్మ గొప్ప నిష్ఠ గల మనిషి. చేప అనే మాట కూడా మా గడప దాటి లోపలికి రానిచ్చేది కాదు. చెప్పక తప్పకపోతే "ఆ సరుకు" అనేది.

ఇలాంటి ఇంట్లోకి మా బాబాయి వీడియో గేమ్ తెచ్చాడు. కొట్టు సరుకు కోసం మద్రాసు వెళ్ళినవాడు పూసలూ రిబ్బన్లతోపాటు ఆ నల్లటి పెట్టె కూడా మోసుకొచ్చి, హాల్లో ఉన్న టీవీకి తగిలించాడు. దాంతోపాటు ఒకే ఒక్క క్యాసెట్టు ఇచ్చారు. అది ఊరికే పనిచెయ్యదు. బయటికి తీసి, బుగ్గలు నొప్పి పుట్టేలా ఊది, మళ్ళీ దూర్చాలి. అప్పుడు తెర మీద గొడుగు పట్టుకున్న బుల్లి మనిషి కనిపించేవాడు. అతని ముందు ఒక నది, నదిలో తేలే చెక్కలు. ఒక చెక్క మీంచి ఇంకో చెక్క మీదికి దూకుతూ పోవడమే అతని పని. నాకు బడి సెలవలు. ప్రపంచంలో అంతకన్నా గొప్ప వస్తువు ఇంకోటి ఉందంటే నేను నమ్మేదాన్ని కాదు. కానీ రెండో రోజే ముప్పు వచ్చిపడింది. లేసు అల్లేవాళ్ళు తలలెత్తి తెర వంక చూస్తూ అల్లిక తప్పుతున్నారు. మామ్మ ఒక చదరపు ముక్కని ఎత్తి పట్టుకుని, మూల వంకర పోయిందని అందరికీ చూపించి, "ఈ పెట్టె రేపే మద్రాసు వెళ్ళిపోవాలి" అంది బాబాయితో.

నేను ఏడ్చాను. మామ్మ ఏడుపుకి కరిగే మనిషి కాదు కాబట్టి తర్వాత బతిమాలాను. చివరికి ఆవిడే ఒక షరతు పెట్టింది. "ఆడేదీ నువ్వే, చూసేదీ నువ్వే. ఏం జరుగుతోందో నోటితో చెప్పు. వాళ్ళు చెవులతో వింటారు, తలలెత్తరు. ఎవరు తలెత్తినా పెట్టె బయటికి పోతుంది" అంది. అలా నా ఉద్యోగం మొదలైంది. మొదట్లో నేను చెప్పింది వింటే ఎవరికైనా నిద్రొస్తుంది. దూకాడు, మళ్ళీ దూకాడు, కుడిపక్కకి పోతున్నాడు, మళ్ళీ దూకాడు. కాసేపటికి సత్తెమ్మ సూది ఆపకుండానే అడిగింది, "ఎక్కడికెల్తన్నాడండి పాపగారూ?" నాకు తెలీదు. "ఎందుకెల్తన్నాడు?" అదీ తెలీదు. "ఎక్కడికో ఎందుకో తెలీకుండా గోదారి దాటే ఎర్రోడు ఎవడుంటాడండి? ఆ ఒడ్డున పనుండాలి కదా." అందరూ నవ్వారు. నాకు రోషం వచ్చింది. అవతలి ఒడ్డున అతని చెల్లెలికి జ్వరమని, మందు పట్టుకెళ్తున్నాడని అప్పటికప్పుడు అల్లేశాను. నవ్వు ఆగిపోయింది. "జొరం ఎన్నాళ్ళ నుంచండి?" అని ఇంకొకావిడ అడిగింది. ఆటలో చెల్లెలు లేదు, జ్వరం లేదు, మందు లేదు. నదీ, చెక్కలూ మాత్రమే ఉన్నాయి. కానీ ఆ మధ్యాహ్నం నుంచి నేను చెక్కల మీద ఆడడం కొంత, నోటితో ఆడడం చాలా ఎక్కువ అయింది.

అంతలో అతను నీళ్ళలో పడ్డాడు. నా వేలు జారింది. "అయ్యో, మునిగిపోయాడు, చచ్చిపోయాడు" అన్నాను. హాల్లో సూదులన్నీ ఆగిపోయాయి. సత్తెమ్మ దారపుండ సంచిలో పెట్టుకుని లేచి నిలబడింది. అప్పన్న ఆ రోజు వేటలో ఉన్నాడు. మగవాళ్ళు సముద్రం మీద ఉండగా వాళ్ళ ఆడవాళ్ళ ముందు మునిగాడన్న మాట అనకూడదు, వినకూడదు. ఆవిడ వెళ్ళిపోయింది. మామ్మ వచ్చి ప్లగ్గు పీకేసి, పెట్టెను తీసుకెళ్ళి బీరువా మీద పెట్టింది. ఆ సాయంత్రం నన్ను పక్కన కూర్చోబెట్టుకుని, తిట్టకుండా చెప్పింది. "మన కొట్లో సరుకు అయిపోతే అయిపోయిందంటామా? నిండుకుందంటాం. దీపం ఆరిపోయిందంటామా? కొండెక్కిందంటాం. అంత చిన్న దీపానికే మాట చూసుకుంటామే, మనిషికి చూసుకోవద్దా? వాడు పడితే ఏమనాలో రేపటికి ఆలోచించుకో. మంచి మాట దొరికితే పెట్టె దింపుతాను."

ఆ రాత్రి నాకు వేరే ఆలోచన లేదు. పొద్దున్న పళ్ళు తోముకుంటుంటే తట్టింది. పడినవాడు మళ్ళీ ఎక్కడ కనిపిస్తాడు? బయల్దేరిన ఒడ్డునే. అక్కడ ఏముంటుంది? ఇల్లుంటుంది. మధ్యాహ్నం మామ్మ పెట్టె దింపింది, సత్తెమ్మ వచ్చి కూర్చుంది, గొడుగబ్బాయి యథాప్రకారం నీళ్ళలో పడ్డాడు. "ఇంటికొచ్చాడండి" అన్నాను. సత్తెమ్మ సూది ఆగలేదు. "మంచిపని సేసేడు. అన్నం తినెల్తాడు" అంది. ఇక ఆ మాటే ఖాయమైంది. అతను ఎన్నిసార్లు పడితే అన్నిసార్లు ఇంటికి వచ్చేవాడు. ఇంట్లో అమ్మ ఉండేది, తడిబట్టలు ఆరేసేది, తిట్టేది, అన్నం పెట్టేది. కొన్నాళ్ళకి వాళ్ళకి నది మీద కన్నా ఇంటి మీద మోజు ఎక్కువైంది. అతను మరీ బాగా దూకుతుంటే, "ఇంటికి రాడేంటండి ఇయ్యాల?" అని విసుక్కునేవారు. నేను కావాలని చెక్క తప్పించి పడేసిన రోజులూ ఉన్నాయి.

అయితే అమ్మ ఏం వండింది అనే దగ్గర పెద్ద తగువొచ్చింది. "చేపల పులుసు" అంది సత్తెమ్మ, నన్ను అడగకుండానే. మామ్మ కళ్ళజోడు తీసింది. "నా ఇంట్లో, నా టీవీలో, నా కరెంటు మీద తిరిగేవాడు ఆ సరుకు తినడానికి వీల్లేదు. పప్పుచారు పోసింది." సత్తెమ్మ తల దించుకునే జవాబిచ్చింది. "గోదారి దాటే మనిషండి. పప్పుచారుతో నడిమధ్యకి కూడా ఎల్లలేడు." మామ్మ దగ్గర మాత్రం అప్పీలు లేదు. గొడుగబ్బాయి ఆ వేసవంతా పప్పుచారు తాగే బతికాడు. అతను సరిగ్గా దూకలేకపోయినప్పుడల్లా సత్తెమ్మ "నేను ముందే సెప్పేను" అన్నట్టు గొంతు సవరించుకునేది, మామ్మ విననట్టు దారం చుట్టుకునేది.

సెలవలు అయిపోవస్తుండగా ఒకరోజు పొద్దుటి నుంచి ఈదురుగాలి. వేటకు వెళ్ళొద్దని రేడియోలో చెప్పారు గానీ బోట్లు అంతకుముందే వెళ్ళాయి. మధ్యాహ్నానికి చాలా బోట్లు వచ్చేశాయి. అప్పన్న ఉన్న బోటు రాలేదు. అయినా సత్తెమ్మ వేళకి మా హాల్లోకి వచ్చి, మామ్మ ముందు రెండు చేతులూ చాపింది. మామ్మ వాసన చూడలేదు. ఆ చేతుల్ని కాసేపు పట్టుకుని ఉంది. "ఇవాళ ఇంటికెళ్ళు సత్తెమ్మా" అంది. "ఇంటికాడ కూసుంటే గాలి సప్పుడే ఇనపడతందండి. ఇక్కడైతే పాపగారి ఆట ఇనపడుద్ది" అంది సత్తెమ్మ. తర్వాత నా వైపు తిరిగి, "పెట్టండి" అంది.

అంత భయపడుతూ నేను ఏ పరీక్షా రాయలేదు. పడితే ఇంటికొచ్చాడనాలి. ఆ రోజు ఆ మాట సత్తెమ్మ ముందు ఎలా అనను? అబద్ధమైతే? అందుకని పడకుండా ఆడాలి. గొడుగబ్బాయి నా బతుకులో ఎన్నడూ దూకనంత బాగా దూకాడు. అంత దూరం నేనెప్పుడూ వెళ్ళలేదు. ఆఖరి చెక్కకీ ఒడ్డుకీ మధ్య గాల్లో ఉండగా కరెంటు పోయింది. తెర మధ్యలో ఒక తెల్లచుక్క మెరిసి, అదీ పోయింది. ఫ్యాను ఆగాక బయటి గాలి ఇంకా గట్టిగా వినిపించింది. "కరెంటు పోయిందండి" అన్నాను, నాకే వినపడనట్టు. సత్తెమ్మ తలెత్తలేదు. "కరెంటు పోతే ఆడికేంటండి? ఆడు ఎల్తానే ఉంటాడు. సెప్పండి" అంది.

నల్లటి తెర వంక చూస్తూ చెప్పాను. గాలికి గొడుగు విచ్చుకుందని, అది అతన్ని ఎత్తుకుపోయి వేరే ఒడ్డున దింపిందని, అక్కడివాళ్ళు ఎవరో కూడా తెలీదని, అయినా పొడిలుంగీ ఇచ్చి పొయ్యి దగ్గర కూర్చోబెట్టారని. "మరి ఇంటికాడ?" అంది సత్తెమ్మ. ఇంటి దగ్గర వాళ్ళమ్మ వంట చేస్తోందన్నాను. "ఏం వంట?" అలవాటు కొద్దీ మామ్మ వంక చూశాను. మామ్మ తన చేతిలోని దారం వంక చూసుకుంటూ, "చేపల పులుసు" అంది.

హాల్లో అందరూ తలలెత్తారు. ఆ ఒక్కసారే మామ్మ ఎవర్నీ ఏమీ అనలేదు. పైగా తను మొదలుపెట్టిన పని సగంలో వదిలే మనిషి కాదు కదా, ఎలా వండాలో కూడా చెప్పడం మొదలుపెట్టింది. "ముందు వాటిని శుభ్రంగా కడిగి, కుక్కర్లో మెత్తగా ఉడకబెడుతుంది. తర్వాత పప్పుగుత్తితో బాగా ఎనుపుతుంది. చింతపండు పులుసు పోసి, ఆఖర్న ఇంగువ పోపు వేస్తుంది." తర్వాత సత్తెమ్మ భుజాలు కదలడం మొదలైంది. ఏడుస్తోందని నేను భయపడ్డాను. నవ్వుతోంది. "పప్పుగుత్తితో ఎనుపుద్దాండి మామ్మగారూ? మరి ముళ్ళో?" అంది. మామ్మ ఆలోచించింది. "ముళ్ళు కూడా మెత్తబడేదాకా ఎనుపుతుంది" అంది. సూదులు ఒళ్ళో పడేసి అందరూ నవ్వారు. సత్తెమ్మ నవ్వీ నవ్వీ కొంగుతో కళ్ళు తుడుచుకుంది. తర్వాత కాస్త ఏడిచింది కూడా. మామ్మ ఆవిడ వీపు మీద చెయ్యి వేసి కూర్చుంది. జీవితంలో ఒక్కసారి కూడా చేపను తాకని మనిషి, సత్తెమ్మ మొగుడి కోసం చేపల పులుసు వండింది. మా మామ్మని నేను అంత ప్రేమించిన రోజు ఇంకోటి లేదు.

అప్పన్న బోటు గాలికి అంతర్వేది వైపు కొట్టుకుపోయి అక్కడ ఒడ్డుకి చేరింది. మర్నాడు అతను ఎవరిదో అరువు లుంగీ కట్టుకుని నరసాపురం రేవులో గోదారి దాటించే పంటు దిగాడు. సత్తెమ్మ పరుగున మా ఇంటికి వచ్చి, "మీ నోట్లో పంచదార పొయ్యాలండి పాపగారూ" అని ఊరికే అనకుండా, నిజంగానే పిడికెడు తెచ్చి నా నోట్లో పోసింది. ఆ చేతికి ఏ వాసన ఉందో మామ్మ చూడనేలేదు.

ఇదంతా చెప్పాక హారిక తన మజ్జిగ గ్లాసు పక్కన పెట్టి, "అయితే పడటం అంటే ఇంటికి రావడమన్న మాటండి" అంది. తెలివైన పిల్ల. ఇద్దరం కూర్చుని రాశాం. లాంతరు పిల్ల మబ్బు మీంచి జారితే కింద వాళ్ళ మామ్మ ఇంటి డాబా మీద పడుతుంది. మామ్మ తిడుతుంది, చేపల పులుసుతో అన్నం పెడుతుంది, ఆ పిల్ల మళ్ళీ బయల్దేరుతుంది. ఛానల్ వాళ్ళకి తెగ నచ్చింది. ఒక్క చేపల పులుసు తప్ప. సీరియల్ దేశమంతా వస్తుందని, అందరూ తినేది ఏదైనా పెట్టమని అన్నారు. ఆ మాట మీద వీడియో కాల్‌లో గట్టిగా వాదించాను. చివరికి అవతలినుంచి ఒకాయన, "మీరు చేపలు తింటారా మేడమ్?" అని అడిగాడు. తిననన్నాను. "మరి ఎందుకండి ఇంత పట్టుదల?" అన్నాడు. మా మామ్మ గురించి మీటింగులో ఏం చెప్పను? హారిక ముఖం చూస్తే పాలిపోయి ఉంది. నా పంతానికి ఆ పిల్ల పని పోగొట్టడం న్యాయం కాదు. సరే, వంటకం పేరు తీసేస్తానన్నాను. గిన్నె ఉంచుతాను, మామ్మ చేతికి పప్పుగుత్తి ఇవ్వండి, ఆఖర్న ఇంగువ పోపు పెట్టించండి అన్నాను. వాళ్ళు సంతోషించారు. పప్పయితే ఎవరికీ ఇబ్బంది లేదు.

మొదటి భాగం వచ్చే రోజు నేను నరసాపురం వెళ్ళాను. మా కొట్టు ఇప్పుడు మాది కాదు. మామ్మా లేదు, బాబాయీ లేడు. అప్పన్న కూడా పెద్దవాడై, మంచం మీద, తన ఇంట్లోనే వెళ్ళిపోయాడు. సత్తెమ్మ మాత్రం ఉంది. కళ్ళకి ఆపరేషన్ అయ్యాక చూపు బాగుందట. కోడలు టీవీ పెట్టింది. తెర నిండా రంగులు, మా గొడుగబ్బాయి కాలంలో ఎవరూ కలగనని రంగులు. బొమ్మలే మాట్లాడుకుంటున్నాయి, పాటలే కథ చెబుతున్నాయి, పక్కన కూర్చుని చెప్పేవాళ్ళ అవసరం లేదు. నాకు కాస్త దిగులేసిన మాట నిజం. అంతకన్నా ఎక్కువ సరదాగా ఉంది. అప్పట్లో తలెత్తితే ఆట పోతుందని భయపడిన మనిషి ఇప్పుడు గడ్డం పైకెత్తి, రెప్పెయ్యకుండా చూస్తోంది. "ఇన్నాళ్ళకి తలెత్తి సూత్తన్నానండి. తిట్టడానికి మామ్మగారు లేరు" అంది.

లాంతరు పిల్ల మబ్బు మీంచి జారింది. "ఇంటికొచ్చేసింది" అంది సత్తెమ్మ, ఆ పిల్ల డాబా మీద పడకముందే. వంటింట్లో తెల్లచీర కట్టుకున్న మామ్మ గిన్నె ముందు నిలబడి పప్పుగుత్తి తిప్పుతోంది. "పప్పు వండుతోంది" అంది కోడలు. సత్తెమ్మ భుజాలు కదలడం మొదలైంది. నా చెయ్యి పట్టుకుంది. "పప్పు కాదే. సేపల పులుసు" అంది. కోడలు అత్తగారి వంకా, తెర వంకా చూసింది. "పప్పుగుత్తి కనపడతంటే సేపలంటారేంటత్తా?" అంది.

"నీకు తెలీదులే. ముళ్ళు మెత్తబడాలి కదా. ఉండు, ఇప్పుడు ఇంగువ కూడా ఏత్తది సూడు" అంది సత్తెమ్మ.

వేసింది.